రాజు లేని రంగస్థలం

1931లో న్యూయార్క్‌లో ఒక ప్రదర్శన జరిగింది. దాని పేరు ‘ఎనిమిదో హెన్రీ భార్యలు’. అందులో ఆరుగురు రాణులు ఉన్నారు, నటి మాత్రం ఒక్కతే. ఆమె కార్నీలియా ఓటిస్ స్కిన్నర్, అప్పటికి వయసు 32. ఒక రాణి ఘట్టం అయిపోగానే లోపలికి వెళ్లి, బట్టలు మార్చుకుని, ఇంకో రాణిగా వచ్చేది. ఆ ఆరుగురూ ఎవరిని కట్టుకున్నారో, ఎవరి మాట మీద వాళ్ల ప్రాణాలు నిలవడమో పోవడమో జరిగిందో, ఆ ఇంగ్లండ్ రాజు హెన్రీ మాత్రం వేదిక మీద ఎక్కడా లేడు. అడుగుల చప్పుడు లేదు, గొంతు లేదు. రాణులు అతనితో మాట్లాడతారు, అతని మీద కోప్పడతారు, అతన్ని బతిమాలతారు. అతను ఏమన్నాడన్నది ప్రేక్షకులు రాణి ముఖంలోనే చదువుకోవాలి.

పురాణాల్లోనో చరిత్రలోనో పేరున్న స్త్రీలను ఒక్క నటి తన మీద వేసుకుని, హాస్యంగా మన ముందు నిలబెట్టే ఈ ప్రక్రియ ఎలా పుట్టిందని అడిగితే చాలామంది వేషధారణ గురించి, అనుకరణ గురించి చెబుతారు. అవి ముందు నుంచీ ఉన్నవే. కొత్తగా కనిపెట్టింది ఆ ఖాళీని. కథ ఎవరి పేరు మీద నడిచిందో అతన్ని వేదిక దింపేసి, అతని పక్కన ఇన్నాళ్లూ మౌనంగా కూర్చున్న మనిషికి మొత్తం మాటంతా అప్పగించడమే అసలు ఆవిష్కరణ అని నేను నమ్ముతాను. ఆ ఖాళీ ఒక్క రోజులో రాలేదు. దానికి ఐదారు వందల ఏళ్ల ముందరి కథ ఉంది, ఆ కథ మొదలయ్యేది ఒక పడవ దగ్గర.

బైబిల్లో నోవహు భార్యకు పేరు లేదు. ఆదికాండంలో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడదు. జలప్రళయం వస్తోందని దేవుడు నోవహుతో చెప్పాడు, నోవహు ఓడ కట్టాడు, భార్యా కొడుకులూ కోడళ్లూ ఎక్కారు. అంతే. అయితే మధ్యయుగాల ఇంగ్లండ్‌లో బైబిల్ కథలను వీధుల్లో ఆడేవాళ్లకు ఈ మౌనం నచ్చలేదు. యార్క్, చెస్టర్, వేక్‌ఫీల్డ్ లాంటి ఊళ్లలో వృత్తి సంఘాలవాళ్లు తలా ఒక ఘట్టం పంచుకుని నాటకం కట్టేవారు. యార్క్‌లో ఓడ కట్టే ఘట్టం ఓడలు చేసే పనివాళ్లది, ప్రళయం ఘట్టం జాలరులదీ నావికులదీ. చెస్టర్‌లో ప్రళయాన్ని ఆడింది ఎవరనుకున్నారు? డీ నది నుంచి ఇళ్లకు నీళ్లు మోసుకొచ్చి పోసేవాళ్లు. నీళ్ల కథను నీళ్లు మోసేవాళ్ల చేతుల్లో పెట్టిన ఆ ఊరివాళ్ల రసికత నాకు ఎంతో ఇష్టం.

చెస్టర్ నాటకంలో నోవహు భార్య ఓడ ఎక్కనని మొండికేస్తుంది. తన స్నేహితురాళ్లు మునిగిపోతుంటే వాళ్లను వదిలి రానంటుంది. వాళ్లతో కలిసి ఒక గుక్క తాగుతుంది కూడా. చివరికి కొడుకులు ఎత్తి ఓడలో పడేస్తే, లోపలికి వచ్చీ రాగానే నోవహు చెంప ఛెళ్లుమనిపిస్తుంది. వేక్‌ఫీల్డ్ నాటకంలో ఆమె రాట్నం ముందు పెట్టుకుని కూర్చుంటుంది. నూలు వడకడం అయ్యేదాకా కదలనంటుంది. నీళ్లు కూర్చున్న చోటికి వచ్చాక గానీ లేవదు. ఆ కాలపు జనానికి ఇది ఎంత తెలిసిన విషయమంటే, చాసర్ తన కథల్లో ఒకచోట, భార్యను ఓడ ఎక్కించడానికి నోవహు పడ్డ తిప్పలను ఊరివాళ్లందరికీ తెలిసిన సంగతిలా ప్రస్తావిస్తాడు.

నవ్వు పుట్టిన చోటు గమనించండి. గ్రంథం ఆమెను మాట్లాడించి ఉంటే ఈ హాస్యానికి చోటు ఉండేది కాదు. చెప్పకుండా వదిలేసిన దాన్ని పట్టుకుని నాటకం లోపలికి దూరింది. ప్రళయం వస్తోందంటే ఇరుగుపొరుగు సంగతేమిటి అన్న ప్రశ్న నోవహుకు రాలేదు, ఆమెకు వచ్చింది. జనం పగలబడి నవ్వింది గయ్యాళి పెళ్లాన్ని చూసి కావచ్చు, కానీ ఆ ప్రశ్న మాత్రం నవ్వులో కలిసి వాళ్లతో ఇంటిదాకా వెళ్లింది.

అయితే ఆ వేషం కట్టింది మగవాళ్లు. నోవహు కూడా పక్కనే ఉన్నాడు, దెబ్బ తినడానికీ తిరిగి కొట్టడానికీ. ఈ నాటకాలు 16వ శతాబ్దం చివరి దాకా నిలవలేదు. యార్క్‌లో చివరిసారి 1569లో, చెస్టర్‌లో 1575లో ఆడారు. కొత్తగా వచ్చిన ప్రొటెస్టంట్ మతాధికారులకు పవిత్ర గ్రంథాన్ని వీధిలో ఆడడం రుచించలేదు. ఆ తర్వాత చాలాకాలం గ్రంథంలోని స్త్రీలు ఇంగ్లిష్ రంగస్థలం మీద నవ్వుతూ కనిపించడం అరుదైపోయింది.

ఇక్కడి నుంచి 19వ శతాబ్దం చివరికి వచ్చేద్దాం. అప్పటికి పెద్దింటి హాళ్లలో ఒకరే నిలబడి ఏదో ఒక ఘట్టం చదివి వినిపించడం, నటించి చూపడం ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ అలవాటుగా ఉండేది. ఇంగ్లండ్‌లో పుట్టి మసాచుసెట్స్‌లో స్థిరపడిన బియాట్రిస్ హెర్‌ఫర్డ్ దాన్ని సొంత రచనగా మార్చింది. బజారుకు వెళ్లిన ఆడవాళ్లు, రైలెక్కిన ఆడవాళ్లు, ఇలా రోజూ చూసే మనుషులనే రాసుకుని ఒంటరిగా ఆడేది. వేలాండ్ అనే ఊళ్లో 1904లో తనకంటూ ఒక చిన్న థియేటర్ కట్టుకుంది, అది ఇప్పటికీ ఉంది. ఆమె నాటిన మొక్కను మహావృక్షం చేసింది రూత్ డ్రేపర్.

డ్రేపర్ 1884లో న్యూయార్క్‌లో పుట్టింది. తండ్రి పేరున్న వైద్యుడు, తల్లి తరఫు తాత చార్లెస్ డానా ‘సన్’ పత్రిక సంపాదకుడు. అంత పలుకుబడి ఉన్న ఇంట్లో పుట్టిన ఆడపిల్ల డబ్బు తీసుకుని రంగస్థలం ఎక్కడం అప్పట్లో చిన్న మాట కాదు. ఇంటికి వచ్చే దర్జీ మనిషినో, ఇంకెవరినో అనుకరించి స్నేహితులను నవ్విస్తూ ఉండేది. ఆ ఇంటికి ఆప్తుడైన పియానో విద్వాంసుడు పాదెరెవ్‌స్కీ చూసి, ఇది వృత్తిగా పెట్టుకోవాల్సిన విద్య అని ప్రోత్సహించాడు. నవలాకారుడు హెన్రీ జేమ్స్ 1913లో ఆమె కోసం ప్రత్యేకంగా ఒక ఘట్టం రాసిచ్చాడు. అంతటివాడు రాసిచ్చినా డ్రేపర్ దాన్ని ఆడలేదు. తన మనుషులను తనే రాసుకోవాలని ఆమెకు తెలుసు. జేమ్స్ కూడా నొచ్చుకోలేదు, నీ దారి నువ్వు వేసుకున్నావు, దాని మీదే నిలబడు అన్న సలహా ఇచ్చాడు. సాహిత్య చరిత్రలో ఒక పెద్ద రచయిత ఇచ్చిన మంచి సలహాల్లో ఇదొకటి.

1920 జనవరిలో లండన్‌లోని ఇయోలియన్ హాల్లో ఆమె వృత్తిజీవితం మొదలైంది. అక్కడి నుంచి 1956 దాకా ఆగలేదు. వెనక ఒక తెర, వేదిక మీద ఒకటో రెండో కుర్చీలు, చేతిలో ఒక శాలువ, నెత్తిన ఒక టోపీ. ఆ కొద్దిపాటి సామానుతో ఇటలీలో ఒక చర్చి నిండా జనాన్ని పుట్టించేది. శాలువ తల మీదికి లాగితే ముసలి బిచ్చగత్తె, భుజాల మీదికి జార్చితే విహారానికి వచ్చిన విదేశీ మహిళ. 1956 డిసెంబర్ చివర్లో, 72 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లో ప్రదర్శన ఇచ్చి ఇంటికి వెళ్లి, ఆ రాత్రి నిద్రలోనే కన్నుమూసింది.

ఆమె రాసుకున్న వాటిలో ‘ముగ్గురు స్త్రీలు, మిస్టర్ క్లిఫర్డ్’ అని ఒకటి ఉంది. క్లిఫర్డ్ పెద్ద వ్యాపారి. ఆయన ఆఫీసులో సెక్రటరీ, ఇంట్లో భార్య, ఆయన మనసిచ్చిన ఇంకో స్త్రీ, ముగ్గురూ వరసగా వస్తారు. ముగ్గురినీ డ్రేపరే ఆడుతుంది. క్లిఫర్డ్ కనిపించడు, ఒక్క ముక్క మాట్లాడడు. అయినా ఆట ముగిసేసరికి అతన్ని మనం పుట్టుపూర్వోత్తరాలతో సహా ఎరుగుదుం. భార్య అతనితో మాట్లాడే తీరుకూ, మూడో స్త్రీ మాట్లాడే తీరుకూ ఉన్న తేడాలో అతని కాపురమంతా బయటపడుతుంది.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే గుట్టంతా ఇక్కడే ఉంది. పక్కింటావిడ ఫోన్లో మాట్లాడుతుంటే మనకు వినిపించేది ఒక వైపే. అయినా రెండో వైపు ఏమన్నారో మనమే పూరించుకుంటాం, అదీ మామూలు సంభాషణ కంటే ఎక్కువ ఆసక్తితో. వేదిక మీద ఒంటరి నటి చేసేది ఆ పూరణ పనిని ప్రేక్షకుడి చేతిలో పెట్టడం. అందుకు ఆమెకు మూడు సాధనాలు ఉన్నాయి. మొదటిది చూపు. పిల్లవాడితో మాట్లాడేటప్పుడు చూపు ఎక్కడ ఆగాలో, ఆరడుగుల మనిషితో మాట్లాడేటప్పుడు ఎక్కడ ఆగాలో కచ్చితంగా ఉండాలి. ఒక్కసారి బెత్తెడు తప్పితే లేని మనిషి నిజంగానే మాయమైపోతాడు. రెండోది విరామం. అవతలి మనిషి జవాబు ఎంత పొడవుందో అంతసేపు ఆగాలి, కానీ ప్రేక్షకుడికి ఖాళీ అనిపించకూడదు, ఆ జవాబు వింటున్నట్టు ముఖం కదులుతూ ఉండాలి. మూడోది చేయి. ఎవరి కోటు గుండీ సర్దుతున్నామో, ఎవరి చేయి విదిలిస్తున్నామో ఆ బరువు చేతిలో తెలియాలి. వీటిలో హాస్యానికి ప్రాణం విరామమే. ఆ మౌనంలో అవతలివాడు అన్న మాటను ప్రేక్షకుడు తనే రాసుకుంటాడు, ఆ వెంటనే నటి ఇచ్చే జవాబు తాను రాసుకున్న మాటకు అతికినట్టు సరిపోతే నవ్వు ఆపుకోలేడు. సగం తను రాసిన హాస్యం కదా.

ఇంకో సంగతి కూడా ఉంది. అవతలివాడు వేదిక మీద ఉంటే, అతను ఎంత గొప్పవాడైతే మన కళ్లు అంతగా అతని మీదికి పోతాయి. కిరీటం ఉన్నవాడు నోరు తెరవకపోయినా సభ అతనిదే. అతన్ని తీసేస్తే తప్ప రాణి కనబడదు.

దీన్ని చరిత్ర మీదికి తెచ్చింది కార్నీలియా స్కిన్నర్. ఆమె 1899లో షికాగోలో పుట్టింది. తండ్రి ఓటిస్ స్కిన్నర్ అమెరికా రంగస్థలం మీద ఒక తరాన్ని ఏలిన నటుడు. 1911 నాటి ‘కిస్మెత్’ నాటకంతో ఇంటింటికీ తెలిసినవాడు. తల్లి మాడ్ డర్బిన్ కూడా నటే. కూతురు బ్రిన్ మార్ కాలేజీలో కొన్నాళ్లు చదివి, నాటకం నేర్చుకోవడానికి పారిస్ వెళ్లి సోర్బాన్‌లో చేరింది. 1921లో తండ్రి నాటకంలోనే చిన్న వేషంతో వేదిక ఎక్కింది. 1925లో తండ్రి కోసం ఒక నాటకం రాసింది. అంత పేరున్న నటుడి కూతురికి వేషాలు వెల్లువలా రావాలి కదా. రాలేదు. వచ్చినవి తను ఆశించినవి కావు. దాంతో తన వేషాలు తనే రాసుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో డ్రేపర్ తరహాలోనే సమకాలీన స్త్రీలను చిన్న చిన్న వ్యంగ్య చిత్రాలుగా ఆడింది. హాస్యం ఆమెకు చేతి కింది విద్య. ‘న్యూయార్కర్’ లాంటి పత్రికల్లో హాస్య వ్యాసాలు రాసింది. యూరప్ ప్రయాణం గురించి స్నేహితురాలు ఎమిలీ కింబ్రోతో కలిసి 1942లో రాసిన పుస్తకం అమెరికా అంతటా చదువరులను నవ్వించి, 1944లో సినిమా కూడా అయింది.

ఆమె హాస్యం ఎలాంటిదో చెప్పడానికి ఒక కథ ప్రచారంలో ఉంది. బెర్నార్డ్ షా ‘కాండిడా’లో ఆమె ప్రధాన పాత్ర వేసినప్పుడు షా అద్భుతం అంటూ తంతి కొట్టాడట. ఇంత పొగడ్తకు తగనని ఆమె జవాబిచ్చింది. నేనన్నది నాటకం గురించి అని షా. నేనూ దాని గురించే అన్నాను అని ఆమె. ఎదుటివాడి మాటను అతని చేతికే తిరిగి అంటించే ఈ చమత్కారం, అవతలి వ్యక్తి కనబడకుండా మాట్లాడే నటికి ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

1931 అంటే ఆర్థిక మాంద్యం ముదిరిన రోజులు. పదిమందీ పాతికమందీ నటులతో ఊరూరా తిరగడం కష్టమైన కాలం. ఒక నటి, కొన్ని పెట్టెల దుస్తులు, రెండు మూడు కుర్చీలు ఉంటే రైలెక్కి ఎక్కడికైనా వెళ్లొచ్చు. డ్రేపర్‌కూ స్కిన్నర్‌కూ ఇక్కడే దారి వేరైంది. డ్రేపర్ శాలువతో సరిపెట్టింది, స్కిన్నర్ నిండు వేషధారణను ఎంచుకుంది. నాకు ఇది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. ఇరుగుపొరుగు మనిషిని శాలువతో పుట్టించొచ్చు. చరిత్ర పుస్తకంలో చిత్రంగా చూసిన రాణి మన ముందుకు రావాలంటే ఆ గౌను, ఆ తలపాగా, ఆ నడక కావాలి. వేషం ఎంత రాచఠీవితో ఉంటే, దాని లోపలి నుంచి వచ్చే ఇంటి మాట అంత నవ్వు తెప్పిస్తుంది.

హెన్రీ భార్యలు ఆరుగురినీ బడిపిల్లలు వరసగా వల్లెవేస్తారు, ఎవరికి విడాకులు, ఎవరికి తల తీయించడం, ఎవరు చచ్చిపోయారు, ఎవరు బతికి బయటపడ్డారు అని. లెక్కల పట్టికలా నేర్చుకున్న ఆ స్త్రీలు ఆరు వేర్వేరు స్వభావాలు. వాళ్ల చరిత్రలోనే హాస్యం పుష్కలంగా ఉంది, విషాదాన్ని విడవకుండానే. రెండో భార్య ఆన్ బోలిన్ 1536 మే 19న చనిపోయింది. తల తీయడానికి కాలే రేవు నుంచి కత్తి పట్టడంలో ఆరితేరినవాణ్ణి రప్పించారు. ఆమెను బంధించిన లండన్ టవర్ అధికారి రాసిన ఉత్తరం ప్రకారం, అతను నేర్పరి అని విన్నాను, నా మెడ చూస్తే చిన్నది అని తన మెడ చుట్టూ చేయి పెట్టుకుని ఆమె నవ్వింది. ఆ నవ్వు ముందు ఏ రచయిత రాసిన హాస్యమైనా తేలిపోతుంది.

నాలుగో భార్య ఆన్ ఆఫ్ క్లీవ్స్ కథ పూర్తిగా వేరు. హోల్‌బైన్ గీసిన చిత్రం చూసి హెన్రీ జర్మనీ నుంచి ఆమెను తెప్పించుకున్నాడు. మనిషిని చూశాక నచ్చలేదు. 1540 జనవరి 6న పెళ్లి, జూలైలో రద్దు. ఇంగ్లిష్ సరిగా రాని కొత్త కోడలు చెలికత్తెలతో, రాజుగారు రాత్రి ముద్దు పెట్టి శుభరాత్రి అంటారు, పొద్దున ముద్దు పెట్టి వెళ్లొస్తానంటారు, ఇంతకంటే ఏం కావాలి అన్నట్టు విడాకుల సందర్భంలో ఆ చెలికత్తెలు వాంగ్మూలం ఇచ్చారు. రద్దుకు ఆమె ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఒప్పుకుంది. బదులుగా రిచ్‌మండ్ భవనం, హెవర్ కోట, రాజుగారి ప్రియ సోదరి అన్న హోదా వచ్చాయి. 1557 దాకా బతికి, ఆరుగురిలోనూ చివరిగా వెళ్లిపోయింది. ఎవరు ఎవరిని వదిలించుకున్నారో ప్రేక్షకుడే తేల్చుకోవాలి.

ఇక చివరి భార్య కేథరిన్ పార్. మత విషయాల్లో రాజుతో వాదించేది. ఆమె శత్రువులు అదను చూసి అరెస్టు కాగితం మీద సంతకం చేయించారు. ఆమెకు ఉప్పందింది. రాజు దగ్గరికి వెళ్లి, మీ కాలి నొప్పి మరిపించడానికీ మీ దగ్గర నేర్చుకోవడానికీ వాదించాను గానీ నాకేం తెలుసని అంది. రాజు కరిగిపోయాడు. మర్నాడు ఉద్యానవనంలో ఇద్దరూ కూర్చుని ఉండగా, సంగతి తెలియని మంత్రి సైనికులతో ఆమెను పట్టుకెళ్లడానికి వచ్చాడు. రాజు చేత చీవాట్లు తిని వెనక్కి పోయాడు. ఫాక్స్ అనే మతచరిత్రకారుడు రాసిపెట్టిన ఈ ఘట్టంలో హెన్రీని వేదిక మీద పెడితే అది దయగల రాజు కథ అవుతుంది. అతన్ని తీసేసి, ఆమె ముఖం ఒక్కటే చూపితే, ఒక్కో మాటా ప్రాణం మీద పందెంగా పెట్టిన స్త్రీ కథ అవుతుంది. నవ్వు అలాగే ఉంటుంది, అయితే గుండె గుబగుబలాడుతూ నవ్వుతాం.

స్కిన్నర్ ప్రదర్శన జరిగిన రెండేళ్ల తర్వాత, 1933లో, అలెగ్జాండర్ కోర్డా ఇదే విషయం మీద సినిమా తీశాడు. హెన్రీ వేషానికి చార్లెస్ లాటన్‌కు ఆస్కార్ వచ్చింది. గొప్ప నటన, కాదనలేం. ఆ సినిమా మొదట్లోనే, మొదటి భార్య కేథరిన్ ఆఫ్ ఆరగాన్ మర్యాదస్తురాలు కనుక ఆమె కథలో విశేషం లేదంటూ ఒక్క ముక్కలో దాటేస్తారు. రాజుతో 20 ఏళ్లకు పైగా కాపురం చేసి, అతను వదిలేస్తే చచ్చేదాకా నేనే రాణినని నిలబడిన మనిషికి దక్కింది అంతే. స్కిన్నర్ ఆమెతోనే మొదలుపెట్టి ఆరుగురికీ చోటిచ్చింది. కథ ఎవరిదన్నది మారితే ఎవరు మిగులుతారో, ఎవరు రాలిపోతారో ఈ రెంటినీ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

ఆరుగురు రాణుల తర్వాత స్కిన్నర్ 1932లో ఫ్రాన్స్ సామ్రాజ్ఞి యూజెనీని, 1933లో ‘రెండో ఛార్లెస్ ప్రేమలు’ ఆడింది. ఈ రెండోది మనకు దగ్గరి చుట్టం. ఛార్లెస్ రాణి కేథరిన్ పోర్చుగల్ రాకుమారి. ఆమె పెళ్లి ఒప్పందంలో కట్నంగా ఇచ్చిన వాటిలో బొంబాయి ఒకటి. 1668లో రాజు ఆ ద్వీపాలను ఏడాదికి 10 పౌండ్ల అద్దెకు ఈస్ట్ ఇండియా కంపెనీకి ఇచ్చేశాడు. మన దేశ చరిత్రను మలుపు తిప్పిన ఊరు ఒక ఆడపిల్ల సారెలో వెళ్లింది. ఆ రాణి కళ్ల ముందే రాజుగారి ప్రియురాళ్లు దర్బారులో తిరిగారు. వాళ్లలో నెల్ గ్విన్ నారింజలు అమ్ముకుని, నాటకాల్లో హాస్య పాత్రలు వేసి పైకి వచ్చింది. ఒకసారి జనం ఆమె బండిని, తాము ద్వేషించే ఫ్రెంచ్ క్యాథలిక్ ప్రియురాలిదనుకుని చుట్టుముడితే, నెల్ తల బయటపెట్టి నేను ఆవిడను కాదు, మీ మతందాన్నే అంటూ తన వృత్తిని మొహమాటం లేకుండా చెప్పుకుని జనాన్ని నవ్వించిందని చెబుతారు. రాణి ఓర్పు ఒక వైపు, ఈ నోటి దురుసు మరో వైపు, రెండూ ఒక్క నటి దేహంలోంచి ఒకే సాయంత్రం రావడం ఎంత కష్టమో నటించినవాళ్లకు తెలుస్తుంది.

స్కిన్నర్ 1935లో ఒకే ఇంటి తరతరాల ఆడవాళ్లతో ‘హడ్సన్ ఒడ్డున భవనం’, 1937లో మార్గరెట్ బార్న్స్ నవల ‘ఎడ్నా, అతని భార్య’ ఆడింది. 1952లో ‘పారిస్ 90’ పేరుతో కే స్విఫ్ట్ సంగీతంతో ఆ నగరపు స్త్రీలను ఆడింది. అప్పటికి ఈ ప్రక్రియ నిలదొక్కుకుంది. స్కిన్నర్ 1979లో చనిపోయింది.

ఇదంతా చదువుతున్న తెలుగువాళ్లకు కూచిపూడి గుర్తు రాకుండా ఉండదు. భామాకలాపంలో సత్యభామ మొదట తెర వెనక నుంచి జడ వేసి సవాలు చేస్తుంది. తర్వాత చాలాసేపు వేదిక ఆమెదే. కృష్ణుడు అలిగి వెళ్లిపోయాడు, వచ్చేది చివర్లో. మొగుడి పేరు చెప్పమంటే సిగ్గు, ఉత్తరం రాయడం, చెలికత్తె మాధవితో బేరాలు, ముక్కెర ఇవ్వనని పేచీ. సిద్ధేంద్రయోగి పేరుతో వచ్చిన ఈ సంప్రదాయం కూడా ఆ రహస్యాన్ని ఎప్పుడో పట్టుకుంది. దేవుణ్ణి పక్కకు తప్పిస్తే సత్యభామ గర్వం, బెంగ, హాస్యం అన్నీ బయటికి వస్తాయి. తేడా ఏమిటంటే ఆమె పక్కన మాధవి ఉంది, కూచిపూడి గ్రామంలో వేషం కట్టింది మగవాళ్లు. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామగా నడిచి వస్తే ఆడవాళ్లే ముక్కున వేలేసుకునేవారు. గోదావరి జిల్లాల్లో కళావంతుల స్త్రీలు ఇదే కథను తమ గొంతుతో, తమ అభినయంతో ఆడారు. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత వాళ్లకు వేదికలు పోయాయి. అది మన రంగస్థలానికి తగిలిన దెబ్బ, దాని గురించి ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలి.

పడమట ఈ దారి ఆగలేదు. బ్రిటిష్ కవయిత్రి కరోల్ ఆన్ డఫీ 1999లో ‘ప్రపంచపు భార్య’ అనే కవితా సంపుటి తెచ్చింది. పిలాతు భార్య, లాజరు భార్య, దెలీలా, హేరోదు రాణి అందరూ తమ మాట తాము చెప్పుకుంటారు. నటి లిండా మార్లో దాన్ని ఒంటరి ప్రదర్శనగా ఎడిన్‌బరోలో ఆడింది. 2017లో అదే ఎడిన్‌బరో ఉత్సవంలో ఇద్దరు కేంబ్రిడ్జ్ విద్యార్థులు రాసిన ‘సిక్స్’ వచ్చింది. హెన్రీ ఆరుగురు భార్యలూ పాప్ గాయనుల్లా మైకులు పట్టుకుని తమ గోడు పోటాపోటీగా పాడతారు. ఇందులో నటీమణులు ఆరుగురు. రాజు ఇక్కడా లేడు. 1931లో స్కిన్నర్ తీసుకున్న నిర్ణయం 86 ఏళ్ల తర్వాత కూడా సరైనదే అని ఆ విద్యార్థులు మళ్లీ కనిపెట్టారు.

మన బడుల్లో ఏకపాత్రాభినయం పోటీ అంటే దుర్యోధనుడి మయసభో, అల్లూరి సీతారామరాజో వస్తారు. మీసం పెట్టుకుని ఆడపిల్లలు కూడా వాళ్లనే ఆడతారు. స్త్రీ పాత్రలు వచ్చినా కన్నీళ్లతో వస్తాయి గానీ నవ్వుతో రావు. ఇది సామగ్రి లేక కాదు. తెలుగు ఆడవాళ్లు రోలు దగ్గరా తిరగలి దగ్గరా పాడుకున్న రామాయణం పాటల్లో ఇలాంటి ఘట్టాలు బోలెడు ఉన్నాయి. వెల్చేరు నారాయణరావు వాటి మీద రాసిన వ్యాసం 1991లో వచ్చిన రామాయణాల సంకలనంలో ఉంది. వాటిలో ‘సీత గడియ’ అని ఒక పాట ఉంది. ఇంటిపని తెమలక సీత పడకగదికి ఆలస్యంగా వస్తుంది. రాముడు అలిగి లోపల గడియ పెట్టేసుకుంటాడు. సీత బతిమాలుతుంది, ఆయన పలకడు. చివరికి కౌసల్య వచ్చి కొడుకును మందలించాలి.

ఇందులో రాముడు తలుపు వెనక ఉన్నాడు. మాట్లాడడు. కౌసల్యనూ సీతనూ ఒక్కరే ఆడొచ్చు, మధ్యలో చీర కొంగు సర్దుకునే తీరు మార్చుకుంటే చాలు. మూసిన తలుపు వైపు సీత చూపు ఎక్కడ ఆగాలో, ఆయన పలకనప్పుడు ఎంతసేపు ఆగాలో, అత్తగారి దగ్గర ఫిర్యాదు చేసేటప్పుడు ఎంత మాట దాచుకోవాలో ఒక మంచి నటి నెల రోజులు సాధన చేస్తే అరగంట ప్రదర్శన తయారవుతుంది. దానికి సెట్ అక్కర్లేదు, పాట ఎప్పటి నుంచో ఉంది. ఏ బడి వార్షికోత్సవంలోనైనా, ఏ కళాపరిషత్ పోటీలోనైనా దీన్ని ఆడొచ్చు.